వైఫై మెనూలో ఏ పేరు పైన, ఏ పేరు కింద: వరస కట్టే పద్ధతి

కూకట్‌పల్లిలో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నొక్కితే ముప్పై, నలభై పేర్లు వచ్చి పడతాయి. పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు బిల్డింగు, కింద కిరాణా షాపు, లిఫ్టు పక్కన సీసీ కెమెరాల పెట్టె, ఎవరిదో ఫోన్ హాట్‌స్పాట్, రెండు ప్రింటర్లు. ఇంటివాళ్లకు కావలసింది వీటిలో ఒక్కటే. ఆ ఒక్కటీ ఒకసారి పైన, ఒకసారి ఏడో వరసలో కనిపిస్తే, లేదా వేలు పెట్టబోతుండగా కిందికి జారిపోతే, ఆ తప్పు మెనూ తయారుచేసినవాళ్లదే.

ఈ మార్గదర్శి ఆ మెనూ రాసేవాళ్ల కోసం. లైనక్స్ డెస్క్‌టాప్, టీవీ బాక్సు, షాపులో బిల్లింగ్ మెషీన్, కెమెరాను ఇంటి వైఫైకి కలిపే యాప్, ఏదైనా సరే లెక్క ఒకటే. చాలామంది సిగ్నల్ ఎక్కువ ఉన్నది పైన, తక్కువ ఉన్నది కింద అని ఒక్క లైను కోడ్ రాసి వదిలేస్తారు. అది వాడేవాళ్లకు పనికొచ్చే వరస కాదు. మనిషికీ ఆ నెట్‌వర్క్‌కీ ఉన్న సంబంధాన్ని బట్టి వరస కట్టాలి. కట్టాక, మెనూ తెరిచి ఉన్నంతసేపూ దాన్ని కదపకూడదు.

1. స్కాన్ ఏమిస్తుందో ముందు తెలుసుకోండి

ప్రతి రౌటరూ తన పేరును మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి చాటుతుంది. దాన్నే బీకన్ అంటాం. ఊరికే వినే పద్ధతిలో స్కాన్ చేస్తే ఒక్కో ఛానెల్‌లో కనీసం అంతసేపు ఆగాలి. పలకరించి జవాబు రాబట్టే పద్ధతిలో కొన్ని పదుల మిల్లీసెకన్లు చాలు. కానీ 5 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లో 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్‌ల కోసం నిబంధనలు ఉన్నాయి. అక్కడ ల్యాప్‌టాప్ ముందుగా పలకరించకూడదు, వినాలి. అందుకే 2.4 గిగాహెర్ట్జ్ పేర్లు ముందు వస్తాయి, 5 గిగాహెర్ట్జ్ పేర్లు తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. మొత్తం తిరిగి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, పేర్లు వచ్చినప్పుడల్లా మళ్లీ వరస కడితే జాబితా ఆ కొన్ని సెకన్లూ గంతులేస్తూనే ఉంటుంది. రెండు, ఒక స్కాన్‌లో పేరు రాలేదంటే రౌటర్ ఆపేశారని కాదు. ఆ క్షణాన బీకన్ వేరే ట్రాఫిక్‌లో కలిసి చెడిపోయి ఉండొచ్చు. లైనక్స్‌లో వైఫై పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఈ విషయంలో మంచి నియమమే పెట్టుకుంది: మామూలు సెట్టింగుల్లో వరసగా 2 స్కాన్లలో కనిపించకపోతేనో, 180 సెకన్లుగా జాడ లేకపోతేనో తీసేస్తుంది. మీరూ అంతకంటే తొందరపడకండి.

స్కాన్ ఊరికే రాదు. కనెక్ట్ అయి ఉన్న రేడియో స్కాన్ కోసం తన ఛానెల్ వదిలి వెళ్లినప్పుడల్లా వీడియో కాల్‌లో మాట తెగుతుంది. మెనూ తెరిచి ఉన్నప్పుడు 10 సెకన్లకు ఒకసారి చాలు, మూసి ఉంటే ఇంకా అరుదుగా. ఆండ్రాయిడ్ 9 నుంచి, తెర మీద ఉన్న యాప్‌కు కూడా 2 నిమిషాల్లో 4 స్కాన్లే అనుమతి. యాప్ రాసేవాళ్లు దీన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

2. ఒకే నెట్‌వర్క్‌ను ఒకే వరసగా చేయండి

మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఫ్లోర్‌లో ఒకే పేరుతో ఇరవై యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై అందించే పెట్టెలు, ఉంటాయి. ఇంట్లో ఒక్క రౌటరే అయినా 2.4కు ఒకటి, 5కు ఒకటి, రెండు రేడియో చిరునామాలు. వీటన్నిటినీ విడివిడిగా చూపిస్తే జాబితా నిండా ఒకే పేరు. కలపాలి. ఏ ఆధారంతో కలపాలన్నదే అసలు ప్రశ్న.

పేరు ఒక్కటే చూసి కలపకండి. పేరు, భద్రత రకం, ఈ రెండూ కలిపి గుర్తుగా తీసుకోండి. మీ ఇంటి వైఫై పేరే పెట్టి పాస్‌వర్డ్ లేని హాట్‌స్పాట్ ఎవరైనా నడపొచ్చు. పేరుతో మాత్రమే కలిపితే ఆ దొంగ నెట్‌వర్క్ మీ ఇంటి వరసలో దూరిపోతుంది, సిగ్నల్ ఎక్కువగా ఉంటే దానికే కనెక్ట్ అవుతుంది కూడా. భద్రత రకాలను నాలుగు కుటుంబాలుగా చేస్తే సరిపోతుంది: పాస్‌వర్డ్ లేనివి, వెప్ అనే పాత రకం, ఇంటి పాస్‌వర్డ్‌తో నడిచే డబ్ల్యూపీఏ రకాలు, ఆఫీసుల్లో ఉద్యోగి యూజర్‌నేమ్‌తో నడిచేవి. డబ్ల్యూపీఏ 2, 3 రెండూ కలిపి నడిపే రౌటర్లు ఉన్నాయి కాబట్టి ఆ రెంటినీ ఒకే కుటుంబంలో ఉంచాలి. ఒక్క జాగ్రత్త: వాడేవాళ్లు దాన్ని 3గా మాత్రమే సేవ్ చేసి ఉంటే, అదే పేరుతో 2 కనిపించినప్పుడు అడగకుండా కలపకూడదు.

కలిపిన గుంపుకు సిగ్నల్‌గా అందులో ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. పేరు దాచిన నెట్‌వర్కులను, అంటే బీకన్‌లో పేరు ఖాళీగానో అన్నీ సున్నాలుగానో వచ్చేవాటిని, ఖాళీ వరసలుగా చూపించవద్దు. అన్నిటికంటే కింద "వేరే నెట్‌వర్క్" అని ఒక వరస ఉంటే చాలు.

పేర్ల విషయంలో తెలుగువాళ్లం ప్రత్యేకంగా చూసుకోవలసింది ఒకటుంది. వైఫై పేరుకు హద్దు 32 అక్షరాలు కాదు, 32 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ తలా 3 బైట్లు. "సాయి నిలయం 302" అనే పేరు తీసుకోండి. సాయిలో స, దీర్ఘం, య, గుడి, మొత్తం 4. నిలయంలో న, గుడి, ల, య, సున్న, మొత్తం 5. తొమ్మిది మూళ్లు 27 బైట్లు, రెండు ఖాళీలు 2, మూడు అంకెలు 3. సరిగ్గా 32. ముందు "శ్రీ" చేర్చారా, ఇక పట్టదు. కొన్ని రౌటర్లు మిగిలింది కోసేస్తాయి, ఒక్కోసారి అక్షరం మధ్యలోనే. అందుకే తెరపై చూపించే పేరు వేరు, లోపల పోల్చడానికీ కనెక్ట్ అవడానికీ వాడే బైట్లు వేరు. చెడిన బైటు దగ్గర ప్రశ్నార్థకపు గుర్తు చూపించండి. లోపలి బైట్లను మాత్రం సరిదిద్దవద్దు, ఒక్క బైటు మారినా కనెక్ట్ కాదు.

3. అంతస్తులు కట్టండి

పైనుంచి కిందికి ఇలా:

- ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నది, లేదా కనెక్ట్ అవుతున్నది
- సేవ్ చేసినవి, అందుబాటులో ఉన్నవి
- సేవ్ చేయనివి, బాగా అందుతున్నవి
- సేవ్ చేయనివి, అంతంతమాత్రంగా అందుతున్నవి
- ఈ యంత్రం కనెక్ట్ కాలేనివి

రెండో అంతస్తులో వరసకు సిగ్నల్‌తో పని లేదు. సేవ్ చేసినవి ఒక చోట మహా ఉంటే రెండో మూడో. ముందు వాడేవాళ్లు పెట్టుకున్న ప్రాధాన్యం, అది సమానమైతే చివరిసారి ఎప్పుడు వాడారన్నది. లైనక్స్ నెట్‌వర్క్ మేనేజర్ తనంతట తాను కనెక్ట్ అయ్యేటప్పుడు చూసేది ఇదే: ప్రాధాన్యం −999 నుంచి 999 వరకు, మామూలుగా 0, పెద్ద అంకెది ముందు, సమానమైతే ఇటీవల వాడినది ముందు. మెనూ కూడా అదే లెక్క పాటించాలి. తెర మీద ఒకటి పైన ఉండి, యంత్రం ఇంకోదానికి కనెక్ట్ అయితే వాడేవాళ్లకు ఆ మెనూ మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకం మళ్లీ రావడం కష్టం.

సేవ్ చేసినవాటిలోనే పాస్‌వర్డ్ లేనివి కింద ఉండాలి. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకసారి రైల్‌వైర్ అనే స్టేషన్ వైఫై వాడారని, తర్వాత అదే చోట వాళ్ల సొంత ఫోన్ హాట్‌స్పాట్ కంటే అది పైకి రాకూడదు. పాస్‌వర్డ్ లేని పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి దానికి "సేవ్ చేసిన" గౌరవం పూర్తిగా ఇవ్వలేం.

నిన్న పాస్‌వర్డ్ తప్పని చెప్పినదాన్నీ, ఇంటర్నెట్ రానిదాన్నీ కిందికి తోయకండి. ఉన్నచోటే ఉంచి పక్కన ఒక మాట రాయండి. మనిషి దాన్ని బాగుచేయడానికే వెతుక్కుంటూ వస్తాడు.

4. మిగతా జనాన్ని రెండు కుప్పలు చేయండి

సేవ్ చేయనివాటిని సిగ్నల్ వరసలో పెట్టాలా, అక్షర క్రమంలోనా? ఆండ్రాయిడ్ చాలాకాలం మధ్యేమార్గంలో నడిచింది: ముందు సిగ్నల్ గీతల లెక్క, గీతలు సమానమైతే పేరు. మా మాట ఇంకా సూటిగా ఉంటుంది. కొత్త చోటికి వెళ్లిన మనిషి దగ్గర ఉండేది పేరు. కెఫేలో గోడ మీద రాసి ఉంటుంది, చుట్టాల ఇంట్లో పిన్నిగారు చెబుతారు. ఆ పేరు కోసమే కళ్లు వెతుకుతాయి. పాస్‌వర్డ్ తెలిసినది ఒక్కటే అయినప్పుడు ఏది బలంగా ఉందన్న పోటీకి అర్థం లేదు. కాబట్టి అక్షర క్రమమే సరి. కాకపోతే ఎదురు బిల్డింగు ఐదో అంతస్తు పేర్లు మధ్యలో అడ్డొస్తాయి, వాటిని కింది కుప్పలోకి దించాలి. సిగ్నల్ చేయవలసిన పని ఆ ఒక్కటే.

ఎక్కడ గీత గీయాలి? సిగ్నల్‌ను డీబీఎంలలో కొలుస్తారు, అన్నీ రుణ సంఖ్యలే. రౌటర్ పక్కన −40 దగ్గర ఉంటుంది. −67 దగ్గర వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. −80 దాటితే కనెక్ట్ అయినా తిప్పలే. 10 తగ్గిందంటే అందే శక్తి పదో వంతుకు పడిపోయిందని అర్థం. శాతాలను మాత్రం నమ్మకండి. విండోస్ −100ను సున్నాగా, −50ను వందగా తీసుకుని మధ్యలో సమానంగా పంచుతుంది, అక్కడ −67 అంటే 66 శాతం. వేరే సిస్టమ్‌లో అదే −67 ఇంకో అంకె అవుతుంది. లోపల ఎప్పుడూ డీబీఎంలలోనే లెక్క చేయండి.

మేము −75 దగ్గర గీత గీస్తాం. కానీ గీత ఒక్కటే ఉంటే ఏమవుతుందో చూడండి. ఒక పక్క ఫ్లాటు నెట్‌వర్క్ వరసగా ఐదు స్కాన్లలో −73, −77, −74, −79, −72 అని వచ్చిందనుకోండి. మధ్యలో ఎవరో నడిచారు, ఒక తలుపు వేశారు, అంతే. గీతను బట్టి అది పైన, కింద, పైన, కింద, పైన. నాలుగుసార్లు కుప్ప మారింది. రెండు పనులు చేస్తే ఇది ఆగుతుంది.

మొదటిది సగటు. పాత సగటులో 70 శాతం, కొత్త కొలతలో 30 శాతం కలపండి. అవే ఐదు కొలతలు ఇప్పుడు −73, −74.2, −74.1, −75.6, −74.5 అవుతాయి. గెంతులు తగ్గి చిన్న ఊగిసలాట మిగిలింది. అయినా నాలుగోసారి −75 దాటింది. అందుకే రెండో పని: దిగడానికి ఒక గీత, ఎక్కడానికి ఒక గీత. పై కుప్పలో ఉన్నది సగటు −78కి పడితేనే దిగాలి, కింద ఉన్నది −72కి చేరితేనే ఎక్కాలి. ఇప్పుడు ఆ పేరు ఐదు స్కాన్లలోనూ కదలదు. మొదటిసారి కనిపించినప్పుడు మాత్రం −75తో తేల్చండి.

ఇక 5 గిగాహెర్ట్జ్ సంగతి. ఒకే రౌటర్ రెండు పేర్లతో, రెండోదానికి చివర "5జీ" తగిలించి వస్తే, గోడ అవతల నుంచి చూసినప్పుడు 2.4దే బలంగా కనిపిస్తుంది. వేగం మాత్రం చాలాసార్లు రెండోదానిదే. 2.4లో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, ఆ మూడింటిలో అపార్ట్‌మెంటు మొత్తం ఇరుక్కుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018 అక్టోబరులో అందులో ఇంకా ఎక్కువ భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా తెరిచారు. నిండు గీతలున్నా పేజీ తెరుచుకోకపోవడానికి తరచూ కారణం ఛానెల్ రద్దీయే. కొన్ని రౌటర్లు బీకన్‌లోనే ఆ రద్దీని 255కి ఎంత అని చెబుతాయి, 204 అంటే ఛానెల్ 80 శాతం సమయం బిజీ. దీన్ని చూపించండి, దీనితో వరస కట్టకండి, ఎందుకంటే ఇది సిగ్నల్ కంటే వేగంగా మారుతుంది. పేరు చివరి "5జీ" మొబైల్ 5జీ అనుకునేవాళ్లు చాలామంది కాబట్టి పక్కన చిన్నగా "5 గిగాహెర్ట్జ్" అని రాస్తే మేలు.

5. అక్షర క్రమం అనుకున్నంత తేలిక కాదు

బైట్లను బట్టి పేర్చితే ఇంగ్లీషు పెద్ద అక్షరాల పేర్లన్నీ ముందు, చిన్న అక్షరాలవి తర్వాత, తెలుగు పేర్లన్నీ చివరన వస్తాయి. "ఫ్లాట్ 10" పోయి "ఫ్లాట్ 2" కంటే ముందు కూర్చుంటుంది. ఐసీయూ అనే కోడ్ లైబ్రరీలో వాడేవాళ్ల భాషను బట్టి క్రమం పెట్టే సదుపాయం ఉంది, దాన్నే వాడండి. అంకెలను సంఖ్యలుగా చదివే ఆప్షన్ ఆన్ చేయండి. సిస్టమ్ తెలుగులో ఉంటే తెలుగు పేర్లు ముందుండాలి. పేరు ముందు చుక్కలు, గీతలు, ఆశ్చర్యార్థకాలు పెట్టి పైకి రావాలని చూసేవాళ్లు ఉంటారు. మొదట్లోని గుర్తులను పోలికలో లెక్కచేయకండి.

రెండు పేర్లు అన్ని విధాలా సమానమైతే బైట్లు, తర్వాత భద్రత రకం చూసి తేల్చండి. ఇది లేకపోతే అవి రెండూ స్కాన్ స్కాన్‌కూ చోట్లు మార్చుకుంటాయి.

6. మెనూ తెరిచాక వరస కదలకూడదు

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. పై ఐదింటిలో ఏదైనా పొరపాటు జరిగినా దీన్ని మాత్రం వదలకండి.

ఏం జరుగుతుందో సెకన్లలో చూడండి. మెనూ తెరుచుకుంది. కళ్లు పేరును పట్టుకున్నాయి, మౌసు కదిలింది. సెకను దాటబోతుండగా 5 గిగాహెర్ట్జ్ పేర్లు వచ్చి పైన రెండు వరసలు చేరాయి. వేలు నొక్కింది, కానీ ఆ చోట ఇప్పుడు పక్కింటి పేరు ఉంది. పాస్‌వర్డ్ పెట్టె వచ్చింది, మనిషి పేరు చదవకుండా తన ఇంటి పాస్‌వర్డే కొట్టాడు. "పాస్‌వర్డ్ తప్పు" అని వచ్చింది. ఇక రౌటర్ ఆపి ఆన్ చేయడం, ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేయడం మొదలు. డబ్ల్యూపీఏ 2లో పాస్‌వర్డ్ నేరుగా అవతలికి వెళ్లదు. కానీ అవతలివాడు దుర్బుద్ధితో ఉంటే ఆ ప్రయత్నంలో దొరికిన లెక్కలతో, బలహీనమైన పాస్‌వర్డ్‌ను తీరిగ్గా ఊహించి పట్టుకోగలడు. ఆ చోటికి పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ వస్తే అసలు అడగకుండానే కనెక్ట్ అయిపోతుంది.

చేయవలసింది ఇది. మెనూ తెరవగానే గత 30 సెకన్లలో ఉన్న ఫలితాలతో వెంటనే వరస కట్టి చూపించండి, వెనకాల కొత్త స్కాన్ మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అప్పుడే నిద్ర లేచి ఫలితాలేమీ లేకపోతే ఒకటిన్నర సెకను "వెతుకుతోంది" అని చూపించి, వచ్చినంతవరకు ఒకేసారి పరచండి. ఆ తర్వాత దొరికినవన్నీ అట్టడుగున "ఇప్పుడే కనిపించినవి" కింద చేరాలి, అది సేవ్ చేసినదైనా సరే. దాన్ని ముద్దక్షరాలతో చూపిస్తే కంటికి తగులుతుంది. మాయమైనవి బూడిద రంగులోకి మారి తమ చోటే ఉండాలి. సిగ్నల్ గీతలు ఎక్కడివక్కడ మారవచ్చు, వరస మారకూడదు. మూసి మళ్లీ తెరిచినప్పుడు కొత్త వరస.

ఎంపికను వరస సంఖ్యతో కాక, రెండో మెట్టులో చెప్పిన గుర్తుతో పట్టుకోండి. బాణం బటన్లతో దిగేవాళ్లకూ, స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకూ ఇది ప్రాణం. ఏ నెట్‌వర్క్ అన్నది బటన్ నొక్కిన క్షణానే తేలాలి, వదిలిన క్షణాన కాదు. పాస్‌వర్డ్ పెట్టెలో పేరు పెద్దగా, మొదటి లైన్లో ఉండాలి.

7. పరీక్షించండి

ల్యాబ్‌లో ఒక్క రౌటర్ ముందు అన్నీ బాగానే నడుస్తాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందులోనో, మియాపూర్ అపార్ట్‌మెంట్ల మధ్యనో స్కాన్ ఫలితాలు పది నిమిషాలు రికార్డు చేసుకుని, వాటినే మీ కోడ్‌కు మళ్లీ మళ్లీ తినిపించండి. లైనక్స్ కెర్నెల్‌లో ఉత్తుత్తి వైఫై రేడియోలను సృష్టించే హెచ్‌డబ్ల్యూసిమ్ మాడ్యూల్ ఉంది. దానికి, కంప్యూటర్‌నే రౌటర్‌లా నడిపే హోస్ట్‌ఏపీడీ ప్రోగ్రామ్ జోడిస్తే ఒక్క కంప్యూటర్ మీదే రకరకాల నెట్‌వర్కులు నిలబెట్టవచ్చు. ఒకే పేరుతో పాస్‌వర్డ్ ఉన్నదీ లేనిదీ, 32 బైట్ల తెలుగు పేరు, మధ్యలో తెగిన అక్షరం, నిద్ర లేచిన వెంటనే మెనూ, 60 పేర్ల జాబితా, ఇవి తప్పకుండా ఉండాలి. మెనూ ఒక నిమిషం తెరిచి ఉంచి, చోటు మారిన వరసలు లెక్కపెట్టండి. సున్నా రావాలి. ఒకటి వచ్చినా కోడ్‌కు తిరిగి వెళ్లాలి.

మెనూ రాసేవాళ్లు కాక, వాడేవాళ్లు చేసుకోగలిగింది

ఒకసారి వాడి మళ్లీ వెళ్లని హోటళ్లు, స్టేషన్లు, మాల్స్ పేర్లను సేవ్ చేసిన జాబితా నుంచి తీసేయండి. లైనక్స్‌లో ఇంటి కనెక్షన్ ప్రాధాన్యం 10 చేసి, మిగతావాటిని 0 దగ్గరే వదిలేయండి. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు నొక్కితే సిగ్నల్ డీబీఎంలలో, ఛానెల్‌తో సహా కనిపిస్తుంది. ఏ గదిలో ఎంత అందుతోందో అప్పుడు ఖాయంగా తెలుస్తుంది.

రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే జాబితాలో ఒక వరస తగ్గుతుంది, ఎంపిక పరికరమే చూసుకుంటుంది. సీసీ కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4లోనే పనిచేస్తాయి. వాటిని మొదటిసారి కలిపేటప్పుడు ఒకే పేరుతో తికమక పడితే, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ను పది నిమిషాలు ఆపి, పరికరం కలిశాక మళ్లీ ఆన్ చేయండి.